ఫ్లో గ్రాఫులు పోల్చే ముందు టైమర్లు చూసుకో

చిరంజీవి అమ్మలూ,

ఒకే నెట్‌వర్క్ లింకు మీద, ట్రాఫిక్ లెక్క చెప్పే నెట్‌ఫ్లో, ఎస్‌ఫ్లో రెండూ పెట్టి, ఏది ఉంచాలో నువ్వే తేలుస్తావని మీ అమ్మ చెప్పింది. పొంగిపోయాను. గుబులుగానూ ఉంది, అందుకే ఈ ఉత్తరం.

తెలిసినవి చకచకా చెప్పేస్తాను. అన్ని డివైస్‌లకీ గడియారాలు కలిపే ఎన్‌టీపీ పెట్టు. ఎస్‌ఫ్లోకి యూడీపీ పోర్టు 6343, నెట్‌ఫ్లో నుంచే పుట్టిన ప్రమాణం ఐపీఫిక్స్‌కి 4739 తెరువు. నెట్‌ఫ్లో వర్షన్ 5లో ఐపీవీ6 (కొత్త రకం ఐపీ చిరునామాలు) ఉండదు, దాని జోలికి పోకు. వర్షన్ 9లోనూ ఐపీఫిక్స్‌లోనూ ఏ గడిలో ఏముందో చెప్పే టెంప్లేట్ అందేదాకా, రికార్డులు పోగేసే కలెక్టర్‌కి అవి అర్థం కావు. రీస్టార్ట్ చేశాక గ్రాఫు కాసేపు ఖాళీగా ఉంటే కంగారుపడకు.

నా భయమంతా యాక్టివ్ టైమౌట్ గురించే, అంటే సాగుతున్న ఫ్లో లెక్కని రౌటర్ పంపకుండా తన దగ్గర ఉంచుకునే గడువు. సిస్కో రౌటర్లలో మనం మార్చకపోతే మామూలుగా అది 30 నిమిషాలు. తెగకుండా సాగే ఫ్లో (ఒక చోటి నుంచి ఇంకో చోటికి ఒకే సంభాషణగా పోయే ప్యాకెట్ల వరస) గురించి రౌటర్ అరగంట నోరు మెదపదు, తర్వాత అంతా ఒక్కసారే కక్కుతుంది. 1 జీబీపీఎస్ లింకు మీద 80 ఎంబీపీఎస్‌తో బ్యాకప్ నడుస్తోందనుకో. అరగంటకి 18 జీబీ. కలెక్టర్ దాన్ని రికార్డు వచ్చిన నిమిషం ఖాతాలోనే వేస్తే గ్రాఫు 2.4 జీబీపీఎస్‌కి లేస్తుంది. లింకులోనే పట్టదే! అంతకుముందు ఆ బ్యాకప్ జాడే ఉండదు. ఎస్‌ఫ్లోకి ఫ్లో లెక్కలు పోగేసుకునే క్యాషే లేదు, కొన్నేసి ప్యాకెట్లకి ఒకటి చొప్పున శాంపిల్ తీసిన ప్యాకెట్ హెడర్‌ని (తల భాగాన్ని) దాచుకోకుండా పంపేస్తుంది. కాబట్టి దాని గీత 80 దగ్గర నిలకడగా ఉంటుంది. ఆ రెండూ చూసి ‘నెట్‌ఫ్లో దండగ’ అని రిపోర్టు రాసేవాళ్లున్నారు. నువ్వు రాశావంటే చెవి మెలిపెడతాను. రికార్డులోని మొదలు, ముగింపు సమయాలు చూసి బైట్లని పంచి గీసే కలెక్టర్లూ ఉన్నాయి. నీది ఏ రకమో ముందే కనుక్కో. ఏ రకమైనా సరే టైమౌట్ ఒక నిమిషానికి దించు. సిస్కో ఐఓఎస్ పాత కమాండులో ఆ అంకె నిమిషాల్లో, కొత్తదైన ఫ్లెక్సిబుల్ నెట్‌ఫ్లోలో సెకన్లలో. పాతదానికి 60 కొడితే కిక్కురుమనకుండా తీసుకుని గంట చేసేస్తుంది. టైమౌట్ దించితే రికార్డులు పెరుగుతాయి, డిస్కు మీద ఓ కన్నేసి ఉంచు.

అలాగని ఎస్‌ఫ్లోని నెత్తిన పెట్టుకోకు. ఒక అప్లికేషన్‌కి 100 శాంపిళ్లే చిక్కితే లెక్క 20 శాతం దాకా అటూ ఇటూ పోవచ్చు. 10,000 చిక్కితే 2 శాతం. ఒక్క ప్యాకెట్‌తో తలుపు తట్టి చూసే స్కాన్ దానికి దొరక్కపోవచ్చు. ఎవరు ఎవరితో మాట్లాడారో ఒక్కటీ జారకుండా కావాలంటే శాంప్లింగ్ లేని ఐపీఫిక్స్. స్విచ్‌ల నిండా ట్రాఫిక్ ఎటు పోతోందో చాలంటే ఎస్‌ఫ్లో.

రెంటికీ సాక్షిగా, లింకు మీద పోయిన మొత్తం బైట్లు చెప్పే ఎస్‌ఎన్‌ఎంపీ కౌంటర్ పెట్టుకో, 64 బిట్‌దే సుమా. నిండుగా నడిచే 1 జీబీపీఎస్ లింకు మీద 32 బిట్ కౌంటర్ 34 సెకన్లకే చుట్టు తిరిగి సున్నాకొస్తుంది. నెట్‌ఫ్లో ఐపీ బైట్లే లెక్కేస్తుంది, ఎస్‌ఎన్‌ఎంపీ ఈథర్నెట్ హెడర్లని కూడా కలుపుతుంది. ఆ కాస్త తేడాకి నిద్ర మానుకుని కూర్చోకు తల్లీ. నెట్‌ఫ్లో రెట్టింపు చూపిస్తే మాత్రం ఇన్‌గ్రెస్ (లోపలికొచ్చేది), ఎగ్రెస్ (బయటికి పోయేది) రెండు లెక్కలూ ఆన్ చేశావేమో చూడు.

మొదటి వారం గ్రాఫులు మూడూ పంపు. కింద టైమౌట్, శాంప్లింగ్ రేటు రాయడం మర్చిపోకు.

ఇట్లు,
మావయ్య