హైదరాబాద్ నుంచి లంబసింగి వెళ్తే నిజంగా మంచు పడటం చూడగలమా?

కశ్మీర్‌లోలా తెల్లగా కురిసే మంచు అక్కడ ఉండదు. పొగమంచుకీ, హిమానికీ మనం ఒకే మాట వాడేస్తాం, గందరగోళమంతా అక్కడే. లంబసింగిలో ఉండేది దట్టమైన పొగమంచు. బాగా చలిపడిన రోజుల్లో గడ్డిపరకల మీద, బండి సీటు మీద మంచుబిందువులు గడ్డకట్టి ఉప్పు చల్లినట్టు కనిపిస్తాయి.

ఊరు సుమారు 1000 మీటర్ల ఎత్తులో ఉంది. కానీ 0 డిగ్రీల దగ్గరికి దిగడానికి ఎత్తొక్కటే చాలదు. ఆకాశం నిర్మలంగా ఉండి గాలి ఆగిపోతే నేల వేడంతా రాత్రికి పైకి పోతుంది, బరువెక్కిన చల్లగాలి కొండవాలు మీంచి జారి పల్లంలో నిలుస్తుంది. అందుకే బంగాళాఖాతంలో అల్పపీడనం ఉన్నప్పుడు వెళ్లకండి: మబ్బు దుప్పటిలా కప్పి చలి తగ్గిపోతుంది.

డిసెంబరు, జనవరి మంచి నెలలు. నర్సీపట్నంలోనే పెట్రోలు పోయించుకుని, తెల్లారేలోపు పైకి చేరండి. ఎండ ఎక్కితే పొగమంచు విడిపోతుంది. ఘాట్‌లో హై బీమ్ వేయొద్దు, వెలుగు పొగమంచుకి తగిలి తిరిగి కళ్లలోనే పడుతుంది. లో బీమ్, తక్కువ వేగం. బండి మీదైతే గ్లౌజులు తప్పనిసరి, వేళ్లు కొంకర్లు పోతే బ్రేకు సరిగా అందదు.