టెక్ సందేహాలు: కొత్త కెమెరా కొనేముందు చెడిపోయిన ఫొటోను చూడండి

ప్రశ్న: మా దగ్గర చాలా ఏళ్లుగా నికాన్ డీ5300 ఉంది. దాంతోపాటు వచ్చిన 18-55 లెన్సే వాడుతున్నాం. స్కూల్లో మా పాప స్టేజీ మీద డాన్స్ చేస్తుంటే తీసిన ఫొటోలన్నీ మసగ్గా వచ్చాయి. పక్క సీట్లోవాళ్లు ఫోన్‌తో తీసినవి మాకన్నా నయంగా ఉన్నాయి. కెమెరా పక్కన పెట్టేసి మంచి ఫోన్ కొనాలా? లేక లోపల అద్దం లేని కొత్త మిర్రర్‌లెస్ తీసుకోవాలా? ఒక ఫొటో జతచేస్తున్నాను.

జవాబు: ఇప్పుడే ఏదీ కొనకండి. మీరు పంపిన ఫొటోను పెద్దది చేసి చూశాను. నేల మీద ఆనిన కుడి పాదం బూటు లేసుతో సహా స్పష్టంగా ఉంది. గాల్లోకి లేచిన చేతులు మాత్రం పొగలా చెదిరిపోయాయి. అంటే ఫోకస్ సరిగ్గానే కుదిరింది, మీ చెయ్యి కూడా వణకలేదు. పాప కదలికను ఆపేంత వేగం షట్టర్‌కు లేదు, అంతే. ఫైల్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్‌లో డీటెయిల్స్ చూస్తే అదే కనిపిస్తుంది: షట్టర్ స్పీడ్ సెకనులో 25వ వంతు, అపెర్చర్ (లెన్స్ తెరుచుకునే రంధ్రం) ఎఫ్/5.6, ఐఎస్ఓ (వచ్చిన వెలుతురును కెమెరా ఎంత పెంచిందో చెప్పే అంకె) 3200. డాన్స్‌కు కనీసం 200వ వంతు ఉండాలి. అంత వేగం పెడితే చాలినంత వెలుతురు లోపలికి రాదని కెమెరా 25 దగ్గరే ఆగిపోయింది.

ఇక్కడ అడ్డం పడుతున్నది లెన్స్. 18-55ను పూర్తిగా జూమ్ చేస్తే అది ఎఫ్/5.6 కన్నా ఎక్కువ తెరుచుకోదు. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత పెద్దగా తెరుచుకుంటుంది. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్స్ తెచ్చి ఎఫ్/2 దగ్గర పెట్టినా ఎనిమిది రెట్ల వెలుతురు వస్తుంది. 25ని ఎనిమిదితో గుణించండి, 200. మీకు కావాల్సిన వేగం సరిగ్గా అదే. ఐఎస్ఓ పెంచక్కర్లేదు, కెమెరా బాడీ మార్చక్కర్లేదు.

కొనేటప్పుడు ఒక్క విషయం మర్చిపోవద్దు. డీ5300 బాడీలో ఫోకస్ మోటార్ లేదు. పేరులో ఏఎఫ్-ఎస్ అని ఉన్న లెన్సే తీసుకోవాలి, మోటార్ అందులోనే ఉంటుంది. పాత ‘డీ’ రకం 50 ఎంఎం తక్కువకు దొరుకుతోందని తెచ్చుకుంటే ఫోటో తీయొచ్చు గానీ, ఫోకస్ ప్రతిసారీ చేత్తో తిప్పుకోవాలి. డాన్స్ చేసే పిల్లతో అది కుదిరే పని కాదు. ఈ లెన్స్‌కు జూమ్ ఉండదు కాబట్టి ముందు వరసల్లో చోటు చూసుకోండి. వెనక కూర్చోక తప్పదంటే 85 ఎంఎం ఎఫ్/1.8 చూడొచ్చు, ఎంఎం అంకె పెరిగేకొద్దీ దూరంలోది దగ్గరగా కనిపిస్తుంది.

మరి పక్కవాళ్ల ఫోన్ ఎలా గెలిచింది? ఫోన్ ఒక్క ఫొటో తీయదు. కన్ను మూసి తెరిచేలోపు చాలా ఫ్రేములు తీసి, వాటిని కలిపి ఒకటి తయారుచేస్తుంది. కదలని గుడి గోపురమో, రాత్రి వీధో అయితే ఈ పద్ధతి అద్భుతంగా పనిచేస్తుంది. 2018లో గూగుల్ పిక్సెల్ ఫోన్లలో నైట్ సైట్ అనే చీకటి ఫొటోల పద్ధతి వచ్చినప్పుడు చాలామంది చీకట్లో ట్రైపాడ్ మోయడం మానేశారు. కదిలే మనిషి దగ్గరే చిక్కు. ఫ్రేముల్లో చెయ్యి ఒక్కోచోట ఉంటుంది కాబట్టి ఒకదానితో ఒకటి అతకవు. పక్కవాళ్ల ఫొటోలను ఫోన్ తెర మీద కాకుండా కంప్యూటర్లో చూడండి. చాలావాటిలో పాప ముఖం మైనం పూసినట్టు కనిపిస్తుంది.

ఫొటోలో ఇంకొకటి గమనించాను. పాప నుదురు, ముక్కు వివరాలేవీ లేకుండా తెల్లబడిపోయాయి. వెనక అంతా చీకటి ఉండేసరికి కెమెరా కంగారుపడి మొత్తం ఫొటోను వెలిగించేసింది. ప్లస్ మైనస్ గుర్తున్న ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ బటన్ నొక్కి మైనస్ 1 పెట్టండి. వెలుతురు తగ్గితే షట్టర్ వేగం కూడా పెరుగుతుంది, ఒకే దెబ్బకు రెండు పనులు. దీనికి పైసా ఖర్చు లేదు, ఈ సాయంత్రమే ఇంట్లో దీపం కింద ప్రయత్నించవచ్చు. ఫ్లాష్ జోలికి మాత్రం వెళ్లకండి. బాడీలో ఉండే ఆ చిన్న ఫ్లాష్ కొంచెం దూరం దాటితే బలం తగ్గిపోతుంది, ముందు కూర్చున్నవాళ్ల తలలే వెలుగుతాయి.

ఇవన్నీ చేశాక కూడా కంటి మీద ఫోకస్ నిలవడం లేదంటే అప్పుడు మిర్రర్‌లెస్ గురించి ఆలోచిద్దాం. కొత్త బాడీలు కన్ను ఎక్కడుందో కనిపెట్టి దాని వెంటే పరుగెత్తుతాయి. బాడీ మార్చడానికి నాకు కనిపించే బలమైన కారణం అదే. మీరు కొనబోయే ఏఎఫ్-ఎస్ లెన్స్‌ను ఎఫ్‌టీజెడ్ అడాప్టర్‌తో (లెన్స్‌కూ బాడీకీ మధ్య బిగించే రింగు) నికాన్ మిర్రర్‌లెస్ రకమైన జెడ్ బాడీ మీదా వాడుకోవచ్చు, ఫోకస్ కూడా పనిచేస్తుంది.

ప్రశ్న: ఫోన్‌లో 200 మెగాపిక్సెల్ ఉంటే 24 మెగాపిక్సెల్ కెమెరా ఎందుకు?

జవాబు: ఆ 200 మామూలుగా 200లా పనిచేయవు. పక్కపక్కన ఉన్న 16 పిక్సెళ్లను ఒకటిగా కలిపి ఫోన్ మనకు 12.5 మెగాపిక్సెల్ ఫొటో ఇస్తుంది. ఒక్కో పిక్సెల్ వెడల్పు 0.6 మైక్రాన్ అంటే పట్టే వెలుతురు ఎంత తక్కువో ఊహించుకోండి. 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ (ఎక్కువ డీఎస్ఎల్ఆర్‌లలో ఉండే సెన్సర్ సైజు) కెమెరాలో అదే పిక్సెల్ దాదాపు 3.9 మైక్రాన్లు ఉంటుంది. ఆ కెమెరా సెన్సర్ 23.5 x 15.6 మిల్లీమీటర్లు. ఖరీదైన ఫోన్లలో తరచూ కనిపించే 1/1.3 అంగుళాల సెన్సర్ విస్తీర్ణం అందులో ఐదో వంతే.

అయినా మీకు కెమెరా కావాలని నేను అనడం లేదు. 12 x 8 అంగుళాల ప్రింట్‌ను అంగుళానికి 300 చుక్కల చొప్పున వేసినా 86 లక్షల పిక్సెళ్లు చాలు, 9 మెగాపిక్సెల్ కూడా నిండదు. పగటి వెలుతురులో, వెనక ఆకాశం ఉండేలా నిలబెట్టి తీసే ఇంట్లోవాళ్ల ఫొటోలకు నేను ఫోనే తీస్తాను. ఆకాశాన్నీ ముఖాన్నీ రెండింటినీ సరిచూసుకునే పని కెమెరాకన్నా ఫోనే బాగా చేస్తుంది. వాట్సాప్‌లో పంపేటప్పుడు డాక్యుమెంట్‌గా పంపండి, మామూలుగా పంపితే ఫొటో సైజు తగ్గిపోతుంది.

ప్రశ్న: పక్షుల ఫొటోలు తీయాలని ఉంది. 100 ఎక్స్ జూమ్ ఫోన్ సరిపోతుందా? పెద్ద జూమ్ ఉన్న బ్రిడ్జ్ కెమెరా మేలా?

జవాబు: ఫోన్ వద్దు. ఇలాంటి చాలా ఫోన్లలో 5 ఎక్స్ వరకే లెన్స్ పని, అది సుమారు 120 ఎంఎం. ఆపైన చాలావరకు ఉన్న బొమ్మను కోసి సాగదీయడమే. ఈకల గీతలు కనబడాల్సిన చోట రంగు ముద్ద కనిపిస్తుంది.

బ్రిడ్జ్ కెమెరాతో దూరం తీరుతుంది. 2018లో వచ్చిన నికాన్ పీ1000కు 3000 ఎంఎంతో సమానమైన జూమ్ ఉంది. ఎండలో కొమ్మ మీద కదలకుండా కూర్చున్న పిట్టకు అది బాగానే పనికొస్తుంది. కానీ లోపలి సెన్సర్ 1/2.3 అంగుళాలే, చాలా ఫోన్ల ప్రధాన కెమెరా సెన్సర్ కన్నా చిన్నది. పక్షులు తెల్లవారుజామునే ఎక్కువ కనిపిస్తాయి, ఆ వెలుతురులో ఫొటో నిండా గింజల్లాంటి చుక్కలు పడతాయి. ఎగిరే పక్షికి షట్టర్ వేగం 1000వ వంతుకు తగ్గకూడదు, అక్కడ ఇది పూర్తిగా చేతులెత్తేస్తుంది. మీ స్థానంలో నేనుంటే వాడిన ఏపీఎస్-సీ బాడీ ఒకటి, దానికి 70-300 లెన్స్ ఒకటి తీసుకుంటాను. ఏపీఎస్-సీ సెన్సర్ ఫుల్‌ఫ్రేమ్ (పెద్ద సెన్సర్) కన్నా చిన్నది కాబట్టి 300ను ఒకటిన్నరతో గుణిస్తే 450 ఎంఎంకు సమానమైన జూమ్ అందుతుంది. మొదట్లో అంతకన్నా అక్కర్లేదు, పిట్ట బెదరకుండా నాలుగడుగులు దగ్గరికి వెళ్లడం ఎలాగో ఈలోపు అలవాటవుతుంది.

ప్రశ్న: కెనాన్ డీఎస్ఎల్ఆర్‌కు వాడే ఈఎఫ్ లెన్సులు మూడున్నాయి. ఆర్ఎఫ్ మిర్రర్‌లెస్‌కు మారితే అవన్నీ వృథాయేనా?

జవాబు: కావు. కెనాన్ అడాప్టర్ పెడితే ఫోకస్‌తో సహా పనిచేస్తాయి. చిన్న సెన్సర్ కోసం చేసిన ఈఎఫ్-ఎస్ రకం లెన్స్ అయితే పెద్ద సెన్సర్ ఉన్న ఫుల్‌ఫ్రేమ్ బాడీ మీద సెన్సర్ మధ్య భాగమే వాడుకుంటుంది, పిక్సెళ్లు తగ్గుతాయి. లెన్సులు కొత్తవి తర్వాత ఒక్కొక్కటిగా మార్చుకోండి.

ప్రశ్న: రెండేళ్లుగా కెమెరా బ్యాగులోనే ఉంది. లెన్స్ లోపల సాలెగూడు లాంటి దారాలు కనిపిస్తున్నాయి.

జవాబు: అది బూజు, అంటే తేమకు పెరిగే ఫంగస్. పైపైన తుడిస్తే పోదు, లెన్స్ విప్పగలిగిన మెకానిక్‌కు ఇవ్వండి. శుభ్రం చేసేదాకా దాన్ని మిగతా లెన్సుల పక్కన పెట్టకండి. ఇకమీదట బ్యాగులో దాచొద్దు, బ్యాగు గుడ్డ తేమ పీలుస్తుంది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు, తేమ చూపించే చిన్న మీటర్ పెట్టి, అది 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. బ్యాటరీ తీసి విడిగా పెట్టండి. నీలం రంగు సిలికా జెల్ గులాబీ రంగుకు మారిందంటే ఇక తేమ పీల్చలేదని అర్థం, అప్పుడు వెంటనే మార్చేయండి.