భారతికి, టమాటా ఒరుగుల గురించి

చిరంజీవి భారతికి, పెద్దమ్మ ఆశీస్సులు.

మీ పొదుపు సంఘానికి సోలార్ డ్రయ్యర్ వచ్చిందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. మదనపల్లె మార్కెట్లో ధర పడిపోయి, కోత కూలి కూడా గిట్టక రైతులు టమాటాలు రోడ్డు పక్కన పారబోయడం చూసినదాన్ని. చాలా సంతోషమేసింది తల్లీ.

కొత్తగా పెట్టినవాళ్లందరూ ఎండ చూసుకుంటారు, గాలి సంగతి మరిచిపోతారు. టమాటాలో నూటికి 94 పాళ్లు నీరే. అదంతా ఆవిరై డ్రయ్యర్లోనే నిలిచిపోతే ముక్కలు ఎండవు, మెత్తబడి పులుస్తాయి. అందుకని పొద్దున పూట కిందా పైనా గాలి దారులు పూర్తిగా తెరవండి. ముక్క తడి ఆరి తోలులా సాగేటప్పుడు సగం మూయవచ్చు. లోపల వేడి 55 నుంచి 60 డిగ్రీలు చాలు. మొదట్లోనే అంతకు మించితే పైపొర బిగుసుకుపోయి లోపలి తడి బయటికి రాదు. చూడ్డానికి ఎండినట్టే ఉంటుంది, డబ్బాలో పెట్టాక బూజు పడుతుంది. ఒక థర్మామీటరు కొని లోపల వేలాడదీయండి, చేత్తో తాకి అంచనా వేయొద్దు. పొద్దు గూకాక దారులన్నీ మూసేయాలి. రాత్రి చెమ్మ లోపలికొస్తే పగలు పోయిన తడి మళ్లీ పట్టేస్తుంది.

కాయ గట్టిగా, నిండుగా ఎర్రబడింది ఏరండి. చౌకగా వచ్చాయని చితికినవీ మచ్చలున్నవీ కలపొద్దు. అర సెంటీమీటరు మందాన, అన్నీ ఒకే తీరుగా కోసి, ఒకదాని మీద ఒకటి పడకుండా పరవండి. ట్రే వల స్టీలుదేనా అని ముందే చూసుకో. జింకు పూత వేసిన ఇనుప వలైతే టమాటా పులుపుకి ఆ పూత కరిగి ముక్కలకు అంటుతుంది.

వేడి మీద ముక్క మెత్తగానే ఉంటుంది, చల్లారాక విరిచి చూడాలి. టప్పున విరిగితే అయినట్టు. వెంటనే ప్యాక్ చేయకు. గాజు సీసాలో మూడొంతులు నింపి మూత బిగించి, వారం రోజులు రోజుకోసారి కుదుపు. సీసా లోపల చెమ్మ కనిపిస్తే మళ్లీ ట్రేలకెక్కించు. ఆ తర్వాతే గాలి చొరని కవర్లలో వేసి, వెలుతురు తగలని చోట పెట్టండి. వెలుతురుకి ఎరుపు వెలిసిపోతుంది.

లెక్క కూడా చూసుకో. సుమారు 20 కిలోల పండ్లకు కిలో ఒరుగులొస్తాయి. టమాటా కిలో 3 రూపాయలున్నప్పుడు కాయ ఖర్చు 60, అదే 15 అయితే 300. కూలి, కవర్లు వేరే. ధర పెరిగిన నెలల్లో పచ్చి కాయ అమ్ముకోవడమే మేలు. అప్పుడు డ్రయ్యర్ ఖాళీగా పెట్టకుండా మునగాకు, కరివేపాకు వేయండి. ఆకుకు వేడి తక్కువ చాలు, పైన నల్లగుడ్డ కప్పి నేరుగా ఎండ పడనీకండి, లేకపోతే పచ్చదనం పోతుంది.

ఇట్లు,
మీ పెద్దమ్మ