అల్జీమర్స్ ఉంటే గుడ్లు, చేపలు మానిపించాలా?

నాన్నగారికి అల్జీమర్స్ అన్నారు, మెదడులో ప్రోటీన్ పేరుకుందన్నారు కాబట్టి గుడ్లు, చేపలు, పప్పు మానిపించాలా అని కదా అడిగారు. అస్సలు మానిపించకండి బాబూ. అమలాపురం దగ్గర మా ఊళ్ళో మామ్మకి ఈ జబ్బొచ్చినప్పుడు కూడా ఓ చుట్టాలావిడ ఇదే చెప్పి రెండు పూటలా చారన్నమే పెట్టమంది, డాక్టరుగారు అది విని తల పట్టుకున్నారు. చేప శుభ్రంగా పెట్టండి, ముళ్ళు మాత్రం మీరే తీసి పెట్టండి.

ఆ ప్రోటీన్ తిండిలోంచి వచ్చేది కాదండి, మెదడు తయారుచేసుకునేదే. ఒకటి అమైలాయిడ్ బీటా, నరాల కణాల పైపొరలో ఉండే పెద్ద ప్రోటీన్‌ని ఎంజైములు కత్తిరిస్తే వచ్చే ముక్క, అందరిలోనూ వస్తుంది, ఎప్పటికప్పుడు పోతుంది కూడా. కొందరిలో పోకుండా ఒకదానికొకటి అంటుకుని, పంటకాలవలో గుర్రపుడెక్క పట్టేసినట్టు కణాల మధ్య పేరుకుపోతుంది. ఇది మతిమరుపు బయటపడడానికి 15, 20 ఏళ్ళ ముందే మొదలవుతుంది, అంటే మామ్మ ధాన్యం బస్తాల లెక్కంతా నోటితోనే చెప్పేసే రోజుల్లోనే లోపల మొదలైపోయిందేమో.

రెండోది టావు. కణం లోపల సరుకు రవాణా జరిగే సన్నటి గొట్టాల్ని ఇదే పట్టి నిలబెడుతుంది, దీనికి ఫాస్ఫేట్లు మోతాదు మించి అతుక్కుంటే గొట్టాన్ని వదిలేసి ఉండలు చుట్టుకుపోతుంది, ఆ కణం మెల్లగా చచ్చిపోతుంది. నన్నడిగితే ఇంట్లోవాళ్ళు ముందు తెలుసుకోవాల్సింది దీని గురించే, మనిషిలో మనకి కనపడే తేడా అమైలాయిడ్ ఎంతుందన్న దానికన్నా టావు ఎక్కడిదాకా పాకిందన్న దాన్ని బట్టే ఎక్కువ ఉంటుంది. మొదట పట్టేది కొత్త జ్ఞాపకాలు తయారయ్యే హిప్పోక్యాంపస్ చుట్టుపక్కల. అందుకే మామ్మ అన్నం తిని చెయ్యి కడుక్కున్న కాసేపటికే "నాకింకా అన్నం పెట్టలేదేంటే" అనేది, అదే 86 వరదల్లో నీళ్ళెక్కడిదాకా వచ్చాయి మామ్మా అంటే లేచెళ్ళి గోడమీద మరక ఉన్నచోటే చెయ్యిపెట్టి చూపించేది. మా అత్తయ్యేమో నాటకాలంటూ విసుక్కునేది, నాటకం కాదండి అది.

డోనెపెజిల్ లాంటి మాత్రలు ఈ ప్రోటీన్ల జోలికే వెళ్ళవు, మిగిలిన కణాలు పనిచేసుకోడానికి కాస్త సాయపడతాయంతే. అమైలాయిడ్‌ని తీసేసే కొత్త మందు లెకానెమాబ్‌కి అమెరికాలో 2023లో అనుమతి వచ్చింది, ట్రయల్లో 18 నెలలకి దిగజారడం 27 శాతం నెమ్మదించింది, ఆగలేదు, కొందరికి మెదడులో వాపు, రక్తస్రావం కూడా వచ్చాయి. అదీ తొలిదశ వాళ్ళకే.

ఇంతకీ బి12, థైరాయిడ్ టెస్టులు చేయించారా? బి12 విటమిన్ తగ్గినా, థైరాయిడ్ తేడా చేసినా వచ్చే మతిమరుపు మందులతో తగ్గే అవకాశం ఉంది, చేయించకపోతే ముందు ఆ పని చూడండి.