బ్రూనో మునారి శిల్పియా, డిజైనరా, పిల్లల పుస్తకాల రచయితా?

మీ మూడేళ్ల పాపకు మునారి పుస్తకం కానుకగా వచ్చిందనీ, ఆయన్ను ఒకచోట శిల్పి అనీ మరోచోట డిజైనర్ అనీ రాశారనీ, ఇంతకీ ఆయన ఎవరనీ అడిగారు. అన్నీ ఆయనే. 1907లో ఇటలీలోని మిలాన్‌లో పుట్టి 1998లో అక్కడే కన్నుమూశారు. ఆ బిరుదుల సంగతి అలా ఉంచి, ఆయన ఏ పదార్థాన్ని చేతిలోకి తీసుకున్నారు, దానితో ఏం చేయించారు అన్నది చూడండి.

మా ఇంట్లో 1968 నాటి ‘మిలాన్ పొగమంచులో’ పుస్తకం ఉంది. అందులో పొగమంచును బొమ్మగా గీయలేదు. ట్రేసింగ్ కాగితం మీద నల్లటి ఆకారాలు అచ్చువేశారు, అంతే. కింది పేజీలోవి మసకగా తోస్తాయి, తిప్పితే తేటపడతాయి, వాటి వెనక మరేవో మసకగా కదులుతాయి. నడుమ సర్కస్ రాగానే రంగు కాగితాలు, వాటికి కన్నాలు. మా అబ్బాయికి కథ అక్కర్లేదు; కన్నంలో వేలు దూర్చి అవతలి పేజీని తడుముతాడు. మీ పాపనూ తడమనివ్వండి.

శిల్పాల్లోనూ అదే ధోరణి. 1930లలో రంగులేసిన అట్టముక్కలు, పుల్లలు దారంతో వేలాడదీసి, గాలికి తిరిగే వాటికి ‘పనికిరాని యంత్రాలు’ అని పేరు పెట్టారు. 1958లో ‘ప్రయాణ శిల్పాలు’: మడిచి పెట్టెలో వేసుకుని హోటల్ గదిలో నిలబెట్టుకోవచ్చు. 1964 నాటి ఫాక్‌లాండ్ దీపమైతే నాకు మరీ ఇష్టం. మేజోళ్లు అల్లే సాగే గొట్టపు అల్లికలో చిన్నా పెద్దా లోహపు రింగులు వేసి వేలాడదీశారు. దాని రూపం బరువుకు గుడ్డ సాగడం వల్ల వచ్చిందే. దించితే చదునుగా ముడుచుకుంటుంది. అన్నట్టు, 1945లో ‘అతి కొద్దిసేపు ఉండే అతిథుల కోసం’ కూర్చుంటే జారిపోయే ఏటవాలు కుర్చీ కూడా చేశారు. మన ఇళ్లలోనూ దాని అవసరం ఉంది.

ఇక చదవడం రాని పిల్లల కోసం 1980లో చేసిన ‘ప్రీలిబ్రి’: పది సెంటీమీటర్ల చదరంలో 12 చిట్టి పుస్తకాలు, కాగితం, చెక్క, గుడ్డ, ప్లాస్టిక్ లాంటి వాటితో. కొనాలంటే ఖరీదే. మేం దర్జీ దగ్గర మిగిలిన పీలికలు, అట్ట, పాత ఫైలు కవరు ఒకే కొలతకు కత్తిరించి, కన్నాలు పొడిచి పురికొసతో కట్టాం. గరుకు కాగితం మాత్రం వద్దు, నోట్లో పెట్టుకుంటే రజను రాలుతుంది. గరుకు స్పర్శకు గోనెసంచి ముక్క చాలు.