దారిలో ఆగిన ఊరు: ఒక యువ రచయిత్రికి లేఖ

అమ్మాయీ,

నీ వ్యాసం చదివాను. నలుగురు స్నేహితులు కారులో హైదరాబాద్ నుంచి కన్యాకుమారికి బయలుదేరడం, దారిలో కర్నూలులో ఆగి నువ్వు పెరిగిన వీధి చూసుకోవడం, మళ్లీ బండెక్కడం. విషయం బాగుంది. వాక్యం నీ చేతికి పట్టుబడిందని మొదటి పేజీలోనే తెలిసిపోయింది. కాబట్టి మెచ్చుకోళ్లతో కాలక్షేపం చెయ్యకుండా నేరుగా పనిలోకి దిగుతాను.

"ఊరు మారిపోయింది" అన్న మాటను నువ్వు తిప్పితిప్పి రాస్తూనే ఉన్నావు. మారని ఊరు ఎక్కడుందమ్మా? చిన్నప్పుడు వదిలి పెద్దయ్యాక వెళ్తే ఏ ఊరైనా మారినట్టే ఉంటుంది. చదివేవాళ్లకు అదేం కొత్త కబురు కాదు. ఏది మారింది, ఎప్పుడు మారింది, ఎవరి పుణ్యాన మారింది అని ఆరా తీస్తే అప్పుడది కబురవుతుంది. మీరు అద్దెకున్న పెంకుటిల్లు పోయి దాని జాగాలో మూడంతస్తుల మేడ లేచిందని నీకు దిగులు. కింద అంతా పార్కింగుకు వదిలేసి పైన ఇల్లు కట్టుకున్నారని కూడా నువ్వే రాశావు. కర్నూలు బుధవారపేటలో వరద చూసిన మనిషి ఇంటిని అంత ఎత్తున ఎందుకు లేపుకుంటాడో ఒక్కసారి గేటు కొట్టి అడిగి ఉంటే, ఆ దిగులు పేజీ మొత్తం ఇంకో దారి పట్టేది. పెంకుటిల్లు నీకు జ్ఞాపకం. ఆయనకు అది మునిగిన ఇల్లు.

వరద మాట వచ్చింది కాబట్టి అదీ చెప్తాను. నీ వ్యాసానికి ప్రాణం అక్కడే ఉంది, తప్పు కూడా అక్కడే దొర్లింది. "బడి సంచి భుజాన వేసుకుని మోకాలి లోతు నీళ్లలో ఇంటికి పరుగెత్తాను" అని రాశావు. కర్నూలు మునిగింది 2009 అక్టోబర్ 2న. గాంధీ జయంతి. ఆ రోజు బడి ఎక్కడిది? అంటే నీకు గుర్తున్నది ముందు రోజుదో, ఇంకేదో వానాకాలానిదో అయ్యుండాలి. లేకపోతే అమ్మ పదిమందికి పదిసార్లు చెప్పిన కథలోకి నీ బడి సంచి వచ్చి చేరి ఉండాలి. కొట్టెయ్యమని అనడం లేదు. అమ్మకు ఫోన్ చేసి ఆ రోజు పొద్దున్నుంచి ఏం జరిగిందో వరసగా చెప్పించుకో. తర్వాత నీకు గుర్తున్నదీ అమ్మ చెప్పేదీ రెండూ పక్కపక్కన పెట్టి రాయి. రెండూ పొసగకపోయినా ఫరవాలేదు, సర్దిపుచ్చొద్దు. అయిదో తరగతి పిల్లకు కనపడింది వాకిట్లోకి వచ్చిన నీళ్లే. ఇప్పుడు నువ్వు పెద్దదానివి. తుంగభద్ర ఒక పక్క, ఊరి దగ్గరే దాంట్లో కలిసే హంద్రీ ఇంకో పక్క, కింద శ్రీశైలం జలాశయానికి అంతకుముందెన్నడూ రానంత వరద. ఇవన్నీ ఒకేసారి మీద పడితే పాతబస్తీ ఎలా మునిగిందో రెండు వాక్యాల్లో చెప్పు. రెండే. మూడోది రాస్తే అది వార్తాపత్రిక అవుతుంది.

ఆ పత్రికల వాసన ఇప్పటికే కొంత ఉంది. 1953 అక్టోబర్ 1న కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కావడం, ప్రభుత్వ కచేరీలు గుడారాల్లో నడవడం, కె.సి. (కర్నూలు-కడప) కాలువ పుట్టుపూర్వోత్తరాలు, అన్నీ ఒక పేజీలో కుక్కేశావు. అవన్నీ నిజాలే. నీ కారు మాత్రం వాటిలో ఏ ఒక్కదాని దగ్గరా ఆగలేదు. తీసెయ్. కొండారెడ్డి బురుజు పేరా కూడా తీసెయ్. సినిమాల్లో దాన్ని చూడని తెలుగువాడు లేడు. దాని ముందు నీకు మాత్రమే జరిగిందేమైనా ఉంటే ఉంచు. "గంభీరంగా నిలబడి ఉంది" అని రాయడానికి నువ్వు అక్కడిదాకా పోనక్కర్లేదు.

కానీ వంతెనను వదలొద్దు. "పుల్లూరు టోల్ ప్లాజా దాటి తుంగభద్ర వంతెన ఎక్కగానే అద్దం దించాను, చల్లటి గాలి" అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నీ చిన్నప్పుడు ఆ వంతెన దాటి అలంపురం జోగులాంబ గుడికి పోవడమంటే పక్కూరికి పోయినట్టే. 2014 జూన్ 2 నుంచి అది రెండు రాష్ట్రాల మధ్య వంతెన. 2021 మే నెలలో కోవిడ్ రోగులతో హైదరాబాద్ ఆసుపత్రులకు బయలుదేరిన అంబులెన్సులను పోలీసులు ఆపింది నువ్వు ఫాస్టాగ్‌తో సర్రున దాటిపోయిన ఆ పుల్లూరు దగ్గరే. చివరికి హైకోర్టు కలగజేసుకోవాల్సి వచ్చింది. ఇలాంటి చరిత్ర వ్యాసానికి బరువు కాదు, ఎందుకంటే నీ బండి చక్రాలు దాని మీదుగానే పోయాయి. గాలి ఎలాగూ తగిలింది, ఉండనీ.

ఇక అసలు మాట. నువ్వు ఊరికి వెళ్లలేదు, దారిలో ఆగావు. వ్యాసమంతా సొంతూరికి తిరిగొచ్చిన బిడ్డ గొంతుతో నడిపించావు. ఆ గొంతు నీకు నప్పలేదు. ఊరికి వెళ్లేవాళ్లు బస్సు దిగి సంచి పట్టుకుని ఎవరింటికో పోతారు, భోంచేస్తారు, మధ్యాహ్నం కునుకు తీస్తారు. నువ్వు జాతీయ రహదారి దిగి, గూగుల్ మ్యాప్ పెట్టుకుని నీ సొంత వీధి వెతుక్కుని, నాలుగు ఫోటోలు తీసి, చీకటి పడేలోగా బెంగుళూరు చేరాలని మళ్లీ రహదారి ఎక్కావు. అందులో నామోషీ ఏం లేదు. మీ తరంలో చాలామంది ఊళ్లు చూసుకుంటున్నది ఇలాగే. దాన్ని దాని పేరుతోనే రాయి. మ్యాప్ చూసుకుంటూ సొంత వీధికి పోవాల్సి రావడం నీ వ్యాసంలో ఒక కుండలీకరణలో దాక్కుంది. బయటికి లాగు.

"ఇంకెంతసేపు, ఆకలేస్తోంది" అని కారులోంచి కేకేసిన స్నేహితుణ్ణి చూసి నాకు భలే సంతోషం వేసింది. ఒక్కసారి కనపడి మాయమయ్యాడు. అతన్ని చివరిదాకా ఉంచు. నువ్వు గోడ తడుముకుంటూ నిలబడితే అతను ఫోన్‌లో ఛార్జింగ్ ఎంతుందో చూసుకుంటూ ఉండాలి. కర్నూలు అతనికి దారిలో తగిలిన ఒక ఊరు, అంతే. ఆ చూపు పక్కన ఉంటేనే నీ తడి కళ్లను మేం నమ్ముతాం.

టిఫిన్ బండి దగ్గరి ఘట్టం మాత్రం నాలుగుసార్లు చదివించింది. ఉగ్గాని "అమృతంలా ఉంది" అన్నది కొట్టెయ్. ఆమె నానిన బొరుగులను రెండు చేతుల మధ్య పిండి, నీళ్లు కారిపోయాక పోపులోకి విదిలించిందని రాశావే, అది చాలు. పైన పుట్నాల పొడి చల్లిందా లేదా? పక్కన బజ్జీ ఇచ్చిందా? కర్నూలు వాళ్లు చదువుతారమ్మా, అడుగుతారు. తర్వాత ఆమె "యాడ నుంచి వచ్చినారు?" అంది. నువ్వు "హైదరాబాద్" అన్నావు. వెంటనే బిల్లు కట్టి కారెక్కేశావు. వ్యాసమంతటికీ ముడి పడింది అక్కడ. పుట్టిన ఊళ్లో, నీ వీధి మొగలో, నీళ్లలో నువ్వు నడిచిన చోటికి అంత దగ్గర్లో నిలబడి, ఎక్కణ్ణుంచి వచ్చావంటే హైదరాబాద్ అని నోటికొచ్చేసింది. "మాదీ ఈ ఊరే" అనలేదు. ఎందుకనలేదు? స్నేహితుల ముందు మొహమాటమా, ఆ మాట అంటే మళ్లీ ఎవరి పిల్లవని ఆమె అడుగుతుందనా, నిజంగానే నీకు నువ్వు హైదరాబాద్ మనిషివయ్యావా? సమాధానం రాయమని చెప్పను. ఆ క్షణంలో కాసేపు నిలబడి రాయి.

నాకు తోచిన కారణం ఒకటుంది, నీ వ్యాసంలోంచే పట్టుకున్నాను. "పెద్దమ్మకు చెప్పలేదు, చెబితే భోజనం చెయ్యందే కదలనివ్వదు" అని ఒకచోట నవ్వుతూ రాసి దాటేశావు. ఊళ్లో పెద్దమ్మ ఉంది, నువ్వు వీధి చివరిదాకా వచ్చి గడప తొక్కకుండా వెళ్లావు. తెలిసినవాళ్లు ఎవరైనా చూస్తారేమోనని ఆ రెండు గంటలూ తల తిప్పుకుంటూ తిరిగి ఉంటావు. అవునా? అయితే నీ నడక, నువ్వు ఎన్నుకున్న సందులు, టిఫిన్ బండావిడకు చెప్పిన అబద్ధం లాంటి నిజం, అన్నీ దానితో ముడిపడినవే. పెద్దమ్మను నవ్వుల వాక్యంలోంచి తీసుకొచ్చి మొదటి పేజీలో కూర్చోబెట్టు. టోల్ ప్లాజా దగ్గరే స్నేహితులు అడగాలి, "మీవాళ్లు ఎవరైనా ఉన్నారా ఇక్కడ?" అని. నువ్వు ఏమన్నావో నువ్వే రాయాలి.

షాద్‌నగర్, జడ్చర్ల, బీచుపల్లి అని వచ్చిన ప్రతి ఊరూ చెప్పి మమ్మల్ని హైదరాబాద్ నుంచి మోసుకురావద్దు. పుల్లూరులో మొదలుపెట్టు. కన్యాకుమారి సూర్యోదయం ఈ వ్యాసానికి అక్కర్లేదు. దానికి వేరే చోటు చూసుకుందువు గాని, లేదా అసలు రాయకు, చాలామంది రాశారు.

పెద్దమ్మ ఇది చదివితే ఏమనుకుంటుందో అని భయపడతావని తెలుసు. అచ్చుకు పంపేముందు నువ్వే చదివి వినిపించు, పేరూ ఇంటి గుర్తులూ మార్చు. ఆవిడ తిడితే ఆ తిట్లు ఉన్నవి ఉన్నట్టు రాసుకో, తర్వాత పనికొస్తాయి.

రెండో ప్రతి తయారయ్యాక పంపు, తొందరేం లేదు. ఈసారి పేజీలకు నంబర్లు వెయ్యి. వరద పేజీ, ఉగ్గాని పేజీ తారుమారై నేను కాసేపు తికమకపడ్డాను.

ఆశీస్సులతో,
మీ సార్