కన్నడ కోర్సులో లిపిని వెనక్కి జరపండి

అన్నా, అనంతపురం నుంచి బెంగళూరుకు పనికెళ్లే పిల్లల కోసం పెట్టిన ఆన్‌లైన్ కన్నడ కోర్సును సగంలోనే వదిలేస్తున్నారన్నారు కదా. మీరు చెప్పిన వరుసలో మొదటి నెలంతా అక్షరాలే. తెలుగు చదివేవాళ్లకు కన్నడ లిపి తొందరగా పట్టుబడుతుంది, దాన్ని చివర్లో చెప్పొచ్చు.

వాళ్ల టెన్షనంతా ఎదుటివాళ్లు గబగబా మాట్లాడినప్పుడే. అందుకే ఒక్కో పాఠానికి ఒక్కటే పని పెట్టండి. ఉదాహరణకు, 'మెజెస్టిక్ హోగుత్తా?' (బస్సు మెజెస్టిక్ బస్టాండుకు వెళ్తుందా?) అని కండక్టర్‌ను అడగాలి, ఆయన 'ఇప్పత్తైదు' అనగానే ఇరవై ఐదు తీసివ్వాలి. ఆడియో మామూలు వేగంలోనే ఉండాలి, దయచేసి సాగదీసి చెప్పకండి. జవాబు వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌గా తీసుకోండి. పరీక్ష కూడా అలాగే పెట్టాలి. మాట్లాడటం నేర్పి, టిక్కులు పెట్టించి మార్కులేస్తే వాళ్లకు ఏం వచ్చిందో మీకెలా తెలుస్తుంది? కౌన్సిల్ ఆఫ్ యూరప్ 2001లో ప్రచురించిన సీఈఎఫ్ఆర్ (భాష ఎంత వచ్చో కొలిచే ప్రమాణం) కూడా వినడాన్నీ మాట్లాడటాన్నీ విడివిడిగానే కొలుస్తుంది.